కోసి రాయి తీసిన కిడ్నీలో మళ్లీ రాయి: పొక్క ఆపరేషన్ సేవపై సమీక్ష

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కిడ్నీ రాళ్ల ఓపీకి వచ్చే యాభై దాటినవాళ్లలో కొందరు చొక్కా ఎత్తితే డొక్క పక్కనుంచి బొడ్డు వైపు దిగిన జానెడు మచ్చ కనబడుతుంది. ఎన్నో ఏళ్ల కిందట కోసి రాయి తీసిన గుర్తు అది. ఇప్పుడు అదే కిడ్నీలో మళ్లీ రాయి. ఇలాంటివాళ్లకు ఇంటిదగ్గర ఒక మాట వినబడుతుంది: ఒకసారి కోసిన కిడ్నీకి పొక్క పెట్టి తీయడం కుదరదు, మళ్లీ కోయాల్సిందే. బస్టాండు దగ్గరి ఫ్లెక్సీ ఇంకో మాట చెబుతుంది: కోత లేదు, కుట్టు లేదు, లేజర్‌తో రాయి మాయం. ఈ రెండు మాటలూ పక్కన పెట్టి, ఇలాంటి కిడ్నీకి పొక్క ఆపరేషన్ సేవ ఎంతవరకు పనికొస్తుంది, ఎక్కడ తడబడుతుంది అన్నది చూద్దాం. ఏ ఒక్క ఆసుపత్రినీ ఉద్దేశించి రాసింది కాదు. ఏ ఆసుపత్రికి వెళ్లినా ఈ కొలతలతో చూసుకోవచ్చు.

మా అభిప్రాయం ముందే చెబుతాం. రెండు సెంటీమీటర్లు దాటిన రాయికి, పాత కోత ఉన్నా సరే, మొదట ఆలోచించాల్సింది పీసీఎన్‌ఎల్, అంటే వీపు వైపు నుంచి చిన్న పొక్క చేసి తీయడమే. ఈ పద్ధతిని 1976లో స్వీడన్‌కు చెందిన ఫెర్న్‌స్ట్రోమ్, యోహాన్సన్ ప్రకటించారు. పాత కోత ఉన్నవాళ్లనూ లేనివాళ్లనూ పక్కపక్కన పెట్టి చూసిన అధ్యయనాల్లో ఎక్కువ భాగం చెప్పేది ఒకటే: రాయి పూర్తిగా పోయే అవకాశం ఇద్దరికీ దాదాపు సమానం, పెద్ద ఇబ్బందులూ దాదాపు సమానం. తేడా వచ్చేది కిడ్నీలోకి దారి చేసే దగ్గర. అక్కడ ఎక్కువ ప్రయత్నాలు పడతాయి, ఎక్కువ సేపు పడుతుంది. ఆ దారి చేసే పనిలో చేయి తిరిగిన డాక్టరు ఉన్నచోట ఈ సేవ చాలా మంచిది. అలాంటి డాక్టరు లేనిచోట మచ్చ లేని రోగికి సాఫీగా జరిగిపోయే పనే ఈ రోగికి కష్టమవుతుంది.

పాత కోత లోపల ఏం చేసి ఉంటుందో తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. మామూలుగా కిడ్నీ చుట్టూ మెత్తటి కొవ్వు ఉంటుంది. ఊపిరి పీల్చినప్పుడు కిడ్నీ కిందికి జారుతుంది, వదిలినప్పుడు పైకి పోతుంది. కోసి రాయి తీసిన తర్వాత ఆ కొవ్వు స్థానంలో గట్టి పీచు లాంటి మచ్చ కండ పుడుతుంది. కిడ్నీ నడుము కండరానికీ పక్కటెముకల కిందికీ అతుక్కుపోతుంది. లోపల మూత్రం చేరే గదులు, అంటే క్యాలిక్స్‌లు, వంకర పోతాయి. కిడ్నీ కండనే కోసి రాయి తీసి ఉంటే కొన్ని గదుల మెడలు సన్నబడతాయి. సంచి లాంటి పెల్విస్‌ను కోసి ఉంటే అది మూత్రనాళంతో కలిసే చోట ఇరుకు ఏర్పడవచ్చు. ఆ రోజుల్లో కరగని దారంతో కుట్టి ఉంటే, ఆ దారం చుట్టూనే కొత్త రాయి పేరుకునే అవకాశమూ ఉంది. పేగు కూడా తన స్థానం వదిలి కిడ్నీ వెనక్కి వచ్చి ఉండవచ్చు. కోత దగ్గర పొట్ట గోడ బలహీనపడి హెర్నియా వచ్చినవాళ్లకైతే పేగు ఆ మచ్చ కిందే ఉంటుంది.

ఇందులో మేలు చేసేది ఒకటుంది. కదలని కిడ్నీ సూది కింద జారిపోదు, దారి వెడల్పు చేసే డైలేటరును నెట్టినా వెనక్కి పోదు. అనుభవం ఉన్నవాళ్లు దీన్ని బాగా వాడుకుంటారు. కీడు కూడా అక్కడే ఉంది. మచ్చ లేని కిడ్నీ, లోపల చూడటానికి పంపే గొట్టం లాంటి దుర్భిణి వాలిన వైపు కొంచెం తనూ వాలుతుంది. అతుక్కున్న కిడ్నీ వాలదు. అయినా పక్క గదిలోని రాయి కోసం దుర్భిణిని గట్టిగా వంచితే గది మెడ చిరుగుతుంది, రక్తం కారుతుంది. ఇలాంటి రోగుల్లో ఆపరేషన్ మధ్యలో రక్తం ఎక్కువ పోవడానికి మా దృష్టిలో పెద్ద కారణం ఈ బలవంతపు వంపే.

ఆపరేషన్‌కు ముందు పనులు

సేవ నాణ్యత తెలిసిపోయేది ఇక్కడే. కాంట్రాస్ట్ (రంగు మందు) లేని సీటీ కేయూబీ, అంటే కిడ్నీలు, నాళాలు, మూత్రసంచి చూపే సీటీ స్కాన్ తీయకుండా, ఒక్క అల్ట్రాసౌండ్ రిపోర్టు పట్టుకుని తేదీ ఇచ్చే చోట పాత కోత ఉన్న రోగి ఆపరేషన్ చేయించుకోకూడదని మా ఖచ్చితమైన మాట. అల్ట్రాసౌండ్ రాయి ఉందని చెబుతుంది. కిడ్నీ వెనక పేగు ఉందా, ఏ పక్కటెముక ఏ గదికి అడ్డొస్తుంది, రాయి ఎంత గట్టిది అన్నవి సీటీలోనే తెలుస్తాయి. రాయి గట్టితనాన్ని హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లలో కొలుస్తారు. 1000 దాటితే గట్టి రాయి. బయటి నుంచి షాక్ తరంగాలతో పగలగొట్టడం అలాంటి రాయి మీద సరిగా పనిచేయదు. బోర్లా పడుకోబెట్టి చేసే ఆపరేషన్ అయితే సీటీ కూడా బోర్లాగానే తీయించడం మంచిది. వెల్లకిలా ఉన్నప్పుడు పక్కకు ఉండే పేగు బోర్లా తిరిగినప్పుడు కిడ్నీ వెనక్కి రావచ్చు. క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) బాగుంటే కాంట్రాస్ట్‌తో సీటీ యూరోగ్రామ్ తీస్తే గదుల మెడలు, నాళం దగ్గరి ఇరుకు కూడా కనబడతాయి. ఆ ఇరుకును వదిలేసి రాయి ఒక్కటే తీస్తే మూత్రం నిలవ ఉంటుంది, మళ్లీ రాయి కడుతుంది.

కిడ్నీ పలచబడి ఉంటే, అది ఎంత పని చేస్తోందో చూపే డీటీపీఏ లేదా డీఎంఎస్‌ఏ స్కాన్ అడుగుతారు. జిల్లాలో దొరక్కపోతే హైదరాబాద్ పంపుతారు. ప్రయాణం, ఖర్చు రెండూ బరువే. అయినా ఈ స్కాన్ ఎగ్గొట్టకండి. రెండో కిడ్నీ బాగుండి, ఈ కిడ్నీ మొత్తం పనిలో పది శాతం కూడా చేయడం లేదని తేలితే రాయి తీయడం కంటే కిడ్నీ తీసేయడమే నయమన్న చర్చ మొదలవుతుంది. అది ఆపరేషన్‌కు ముందే జరగాలి.

మూత్రం కల్చర్, అంటే మూత్రంలోని క్రిములను పెంచి చూసే పరీక్ష గురించి ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. మామూలు మూత్ర పరీక్షలో చీము కణాలు చూసి ఏదో ఒక యాంటీబయాటిక్ ఐదు రోజులు రాసిచ్చి బల్లమీదికి ఎక్కించడం సరైన పద్ధతి కాదు. కల్చర్ ఫలితం రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. అందులో క్రిమి పెరిగితే, దానికి పనిచేసే మందు పేరు కూడా ఆ రిపోర్టులోనే ఉంటుంది. ఆ మందు వాడి, క్రిమి అదుపులోకి వచ్చాకే ఆపరేషన్. రాయి లోపల క్రిములు దాక్కుని ఉంటే మూత్రం కల్చర్ శుభ్రంగా వచ్చినా రాయి పగిలినప్పుడు అవి బయటపడతాయి. అందుకే మంచి చోట్ల ఆపరేషన్ సమయంలో రాయి ముక్కనూ కల్చర్‌కు పంపుతారు. పీసీఎన్‌ఎల్ తర్వాత ప్రాణం మీదికి తెచ్చేవి రెండు: రక్తస్రావం, సెప్సిస్ (ఇన్‌ఫెక్షన్ ఒళ్లంతా పాకడం). సెప్సిస్‌ను చాలావరకు ముందే ఆపవచ్చు.

హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు, ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు), షుగర్, క్రియాటినిన్ ఎలాగూ చూస్తారు. రెండు యూనిట్ల రక్తం క్రాస్‌మ్యాచ్ చేసి (రోగి రక్తంతో సరిపోతుందో చూసి) సిద్ధంగా ఉంచారా అని అడగండి. క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచబరిచే మందులు ఐదు నుంచి ఏడు రోజుల ముందు ఆపాలి. కానీ గుండెలో స్టెంటు ఉన్నవాళ్లు తమంతట తాము ఆపకూడదు. గుండె డాక్టరు చీటీ ఉండాలి.

ఈ ప్రాంతానికే ప్రత్యేకమైన విషయం ఒకటుంది. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన పాత తరంలో వెన్నెముక గట్టిపడి, వంగిపోయినవాళ్లు ఉన్నారు. ఎముకల మధ్య నారలు సున్నం పట్టి గట్టిపడితే వెన్నులో మత్తు సూది దిగదు. మెడ తిరగకపోతే పూర్తి మత్తుకు గొట్టం వేయడమూ కష్టమే. వంగిన వెన్నుతో గంటన్నర, రెండు గంటలు బోర్లా పడుకోబెడితే ఛాతీ నొక్కుకుపోతుంది. ఎక్స్‌రేలో ఎముకలు మరీ తెల్లగా పడటం వల్ల పక్కటెముక కింద ఉన్న రాయి సి-ఆర్మ్ (ఆపరేషన్ బల్ల దగ్గరి ఎక్స్‌రే యంత్రం) తెర మీద స్పష్టంగా కనబడకపోవచ్చు కూడా. ఇలాంటి రోగిని మత్తు డాక్టరు ముందు రోజే చూడాలి. వెల్లకిలా పడుకోబెట్టి చేసే సుపైన్ పీసీఎన్‌ఎల్ వచ్చిన డాక్టరు దొరికితే ఇంకా మంచిది.

దారి చేసే గంట

ఆపరేషన్ మొదట్లో మూత్రద్వారం నుంచి దుర్భిణితో వెళ్లి, మూత్రనాళంలోకి 5 లేదా 6 ఫ్రెంచ్ సన్నని క్యాథెటర్ ఎక్కిస్తారు. మూడు ఫ్రెంచ్‌లు ఒక మిల్లీమీటరు. దాని గుండా కాంట్రాస్ట్ మందు ఎక్కిస్తే కిడ్నీ గదులు తెర మీద చెట్టు కొమ్మల్లా కనబడతాయి. తర్వాత రోగిని తిప్పి, 18 గేజ్ సూదితో వెనక వైపు గది కొసన గుచ్చుతారు. సూది గది కొసలోంచి పోవాలి, మెడలోంచి కాదు. మెడ పక్కనే పెద్ద రక్తనాళాలు ఉంటాయి. పాత కోత మచ్చ మీదుగానే గుచ్చాలన్న నియమమేమీ లేదు. చేరాల్సిన గదిని బట్టే చోటు నిర్ణయించాలి.

సూది సరిగా పడి మూత్రం చుక్క వచ్చింది, గైడ్‌వైరు (దారి చూపే సన్నని తీగ) లోపలికి పోయింది అనుకుందాం. అసలు ఇబ్బంది ఇప్పుడు మొదలవుతుంది. వైరు మీదుగా ఎక్కించే ప్లాస్టిక్ డైలేటరు మచ్చ కండ దగ్గర ఆగిపోతుంది. ఇంకా నెడితే వైరు అక్కడే మెలిక పడుతుంది. మెలిక పడ్డ వైరు మీద నెడుతూ పోతే డైలేటరు కిడ్నీలోకి పోకుండా పక్కకు తప్పుడు దారి తీస్తుంది. బెలూన్‌తో దారి వెడల్పు చేసే చోట్ల బెలూన్ మధ్యలో మచ్చ దగ్గర నడుము కట్టినట్టు సన్నగా ఉండిపోతుంది, పూర్తిగా ఉబ్బదు. దీనికి విరుగుడు కొత్తదేమీ కాదు. జారుడు పూత ఉన్న మెత్తటి వైరుతో లోపలికి చేరి, దాన్ని తీసి గట్టి వైరు వేస్తారు. కుదిరితే దాని కొసను మూత్రనాళం గుండా మూత్రసంచి దాకా దింపుతారు. పక్కనే ఇంకో వైరు రక్షణగా ఉంచుతారు. చర్మం కింది గట్టి పొరను వైరు వెంబడే బ్లేడుతో కొంచెం చీల్చుతారు. ఆ తర్వాత ఒకదానిలోంచి ఒకటి జారే ఆల్కెన్ లోహపు డైలేటర్లతో, ప్రతి అడుగూ తెర మీద చూస్తూ, మెల్లగా తిప్పుతూ వెడల్పు చేస్తారు. ఈ రోగుల్లో ప్లాస్టిక్ డైలేటర్ల కంటే లోహపువే నమ్మకమైనవని మా అభిప్రాయం. అయితే లోహానికి బలం ఎక్కువ. కొస ఎక్కడుందో చూడకుండా నెడితే పెల్విస్ అవతలి గోడకు పొక్క పడుతుంది. అలా పడితే ఆ రోజుకు రాయిని వదిలేసి, నెఫ్రోస్టమీ గొట్టమో (వీపు నుంచి మూత్రం బయటికి తెచ్చేది) డీజే స్టెంటో (కిడ్నీ నుంచి మూత్రసంచి దాకా లోపలే ఉండే సన్నని గొట్టం) పెట్టి బయటికి రావడమే సరైన నిర్ణయం. రెండో రోజుకు వాయిదా పడిందని డాక్టరు మీద కోపం తెచ్చుకోవద్దు. మొండిగా కొనసాగించి ఉంటేనే ప్రమాదం.

వెడల్పు అయ్యాక షీతు అనే గొట్టం పెడతారు. మామూలు పీసీఎన్‌ఎల్‌లో 24 నుంచి 30 ఫ్రెంచ్, అంటే 8 నుంచి 10 మిల్లీమీటర్లు. మినీ పద్ధతిలో 14 నుంచి 20 ఫ్రెంచ్ దాకా. మినీ అంటే రక్తం తక్కువ పోతుంది, నొప్పి తక్కువ. ఒకటిన్నర, రెండు సెంటీమీటర్ల రాయికి ఇది చక్కటి ఎంపిక. పెద్ద కొమ్ముల రాయికి (చాలా గదుల్లోకి కొమ్ముల్లా పాకినదానికి) మినీయే గొప్పదని చెప్పడం మాత్రం సరికాదు. సన్న గొట్టంలోంచి రాయిని పిండి చేసి తీయాలి కాబట్టి ఎక్కువ సేపు పడుతుంది. లోపలికి పంపిన నీరు తిరిగి రావడానికి దారి ఇరుకు కావడంతో కిడ్నీలో ఒత్తిడి పెరుగుతుంది. ఇన్‌ఫెక్షన్ ఉన్న రాయి అయితే ఆ ఒత్తిడికి క్రిములు రక్తంలోకి చేరతాయి. నీటిని పీల్చేసే సక్షన్ షీతు ఉంటే ఈ ఇబ్బంది తగ్గుతుంది. ఆ సౌకర్యం ఉందో లేదో అడగదగ్గ ప్రశ్నే. లోపలికి పంపేది నార్మల్ సెలైన్ అయి ఉండాలి, ఒంటి వేడికి దగ్గరగా ఉండాలి. చల్లటి సెలైన్ బస్తాలు బస్తాలుగా పోతే పెద్దవాళ్లకు మత్తు దిగేటప్పుడు విపరీతంగా వణుకు పుడుతుంది.

రాయి పగలగొట్టే యంత్రం గాలి దెబ్బదా, అల్ట్రాసౌండ్‌దా, లేజరా అన్నదానికి ప్రచారం ఇచ్చేంత ప్రాధాన్యం మేమివ్వం. గట్టి పెద్ద రాయికి గాలి దెబ్బ పరికరం చవకగా, వేగంగా పని చేసిపెడుతుంది. లేజర్ మినీలోనూ వాడతారు. ఆర్‌ఐఆర్‌ఎస్‌లో, అంటే మూత్రద్వారం నుంచే వంగే దుర్భిణి పంపి రాయి పగలగొట్టే పద్ధతిలో, అది తప్పనిసరి. లేజర్ అనగానే కోత ఉండదని అర్థం కాదు. పొక్కలోంచి పోయినా లేజర్ వాడతారు.

రెండు, మూడు గదుల్లో రాళ్లుంటే అతుక్కున్న కిడ్నీలో ఒకే పొక్క చాలకపోవచ్చు. అప్పుడు రెండో పొక్క చేస్తారు, లేదా పొక్కలోంచే వంగే దుర్భిణి పంపుతారు, లేదా కింద నుంచి మూత్రనాళం ద్వారా ఇంకో వంగే దుర్భిణి తెచ్చి, మూల గదిలోని రాయిని పొక్క దగ్గరికి నెడతారు. ఈ మూడోది పాత కోత రోగులకు బాగా నప్పుతుంది. ఇద్దరు డాక్టర్లు, రెండు సెట్ల పరికరాలు కావాలి కాబట్టి అన్నిచోట్లా దొరకదు. అలాగే పన్నెండో పక్కటెముక పైనుంచి గుచ్చాల్సి వస్తే ఊపిరితిత్తి పొరలోకి నీరు చేరే ప్రమాదం ఉంటుంది. పదకొండో ఎముక పైకి పోతే ఇంకా ఎక్కువ. ఆపరేషన్ తర్వాత ఆయాసం వస్తే వెంటనే ఛాతీ ఎక్స్‌రే తీయించాలి.

పొక్క లేకుండా ఆర్‌ఐఆర్‌ఎస్, షాక్ తరంగాలు

రెండు సెంటీమీటర్ల లోపు రాయికి, రక్తం పలచబరిచే మందులు ఆపలేనివాళ్లకు ఆర్‌ఐఆర్‌ఎస్ మంచి ఎంపిక. సన్నని వంగే దుర్భిణి మూత్రద్వారం నుంచే కిడ్నీకి పోతుంది కాబట్టి వీపు మచ్చతో పని లేదు. కానీ లోపలి మచ్చ అడ్డొస్తుంది. గది మెడ సన్నబడి ఉంటే దుర్భిణి కింది గదికి వంగదు. మూత్రనాళం ఇరుకుగా ఉంటే ఆ రోజు స్టెంటు మాత్రం పెట్టి, ఒకటి రెండు వారాల తర్వాత మళ్లీ రమ్మంటారు. పెద్ద రాయికి రెండు సిటింగులు మామూలే. మొదటి సిటింగుకే డబ్బు మాట్లాడి, రెండోదానికి మళ్లీ మొదటి నుంచి బేరం పెట్టే చోట జాగ్రత్త పడండి.

1980లో మ్యూనిక్‌లో మొదలైన షాక్ తరంగాల చికిత్స ఒక సెంటీమీటరు లోపు మెత్తటి రాయికి ఇప్పటికీ పనికొస్తుంది. కోసిన కిడ్నీలో దానితో తంటా ఏమంటే, రాయి పగిలినా ముక్కలు జారిపోవు. వంకర గది, ఇరుకు మెడ వాటిని పట్టి ఉంచుతాయి. అందుకే ఈ రోగులకు దాన్ని అంతగా సిఫారసు చేయలేం. కొండపిండి ఆకు, ఉలవల నీళ్లు, కల్లు విషయమూ ఇదే లెక్క. మూత్రం ఎక్కువ పోస్తే మూడు నాలుగు మిల్లీమీటర్ల రాయి పడిపోవచ్చు. మెడ మూసుకుపోయిన గదిలో కూర్చున్న రెండు సెంటీమీటర్ల రాయికి దారే లేదు. వాటి మీద ఆశతో ఏడాది గడిపితే, అడ్డుపడ్డ కిడ్నీ నొప్పి కూడా లేకుండా పలచబడిపోతుంది.

డబ్బు, దూరం

ఆరోగ్యశ్రీ 2007లో ప్రయోగంగా మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయల పరిమితి ఉంది. కార్డు ఉంటే మొదట ఆసుపత్రిలో ఈ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రను కలిసి, మీ డాక్టరు రాసిన చికిత్స పేరు ఆ ఆసుపత్రికి అనుమతి ఉన్న జాబితాలో ఉందో లేదో చూపించుకోండి. డబ్బు కట్టి చేయించుకునేవాళ్లు ప్యాకేజీ మొత్తం అంకె మాత్రమే విని రావద్దు. అందులో డీజే స్టెంటు ఉందా, తర్వాత దాన్ని తీసే ఖర్చు ఉందా, రెండో పొక్క పడితే, రెండో సిటింగ్ పడితే, ఐసీయూ పడితే లెక్క ఎలా అన్నవి కాగితం మీద రాయించుకోండి. స్టెంటు తీసే ఖర్చు వేరన్న సంగతి నెల తర్వాత తెలిసి, చేతిలో పైసలు లేక తీయించుకోకుండా ఉండిపోయేవాళ్ల కష్టం ఈ ఒక్క కాగితంతో తప్పుతుంది.

దూరం ఇంకో పెద్ద విషయం. నల్లగొండ నుంచి, మహబూబ్‌నగర్ నుంచి హైదరాబాద్ సుమారు వంద కిలోమీటర్లు. అచ్చంపేట, దేవరకొండ లోపలి ఊళ్ల నుంచి ఇంకా ఎక్కువ సేపు పడుతుంది. పీసీఎన్‌ఎల్ తర్వాత అరుదుగా ఒకటి నుంచి మూడు వారాల మధ్య, ఇంటికి పోయాక, ఉన్నట్టుండి ఎర్రటి రక్తం పడవచ్చు. దారి చేసిన చోట రక్తనాళం గోడ బలహీనపడి ఉబ్బడం దీనికి కారణం. చాలావరకు పడక విశ్రాంతి, రక్తం ఎక్కించడంతో ఆగుతుంది. ఆగకపోతే తొడ నాళం గుండా సన్నని గొట్టం పంపి, కారే నాళాన్ని మూసేయాలి. దీన్ని ఎంబోలైజేషన్ అంటారు. క్యాథ్‌ల్యాబ్, ఆ పని వచ్చిన డాక్టరు ఉన్నచోటే ఇది జరుగుతుంది. కాబట్టి జిల్లాలో ఆపరేషన్ చేయించుకోవడం తప్పేమీ కాదు. కానీ "ఇలా రక్తం పడితే రాత్రిపూట మమ్మల్ని ఎక్కడికి పంపిస్తారు?" అని ముందే అడగండి. దీనికి ఆసుపత్రి పేరు, ఫోన్ నంబరుతో సహా జవాబిచ్చే డాక్టరును నమ్మవచ్చు. మాకు అలాంటివి జరగవు అనే జవాబు మాకు నచ్చదు. ఒకటే కిడ్నీ ఉన్నవాళ్లు, కొమ్ముల రాయి ఉన్నవాళ్లు, క్రియాటినిన్ పెరిగినవాళ్లు మాత్రం మొదటి నుంచే ఎంబోలైజేషన్, డయాలిసిస్ రెండూ ఉన్న పెద్ద ఆసుపత్రినే ఎంచుకోవాలి.

ఆపరేషన్ తర్వాత

మామూలుగా రెండు నుంచి నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంచుతారు. వీపు గొట్టం ఉంటే ఒకటి రెండు రోజుల్లో తీస్తారు. తీసిన చోట ఒక రోజు దాకా మూత్రం కారడం సహజం. రెండు రోజులు దాటినా కట్టు తడుస్తుంటే స్టెంటు మూసుకుపోయిందా, కింద ముక్క అడ్డుపడిందా అని చూడాలి. స్టెంటు ఉన్నన్నాళ్లూ లేత గులాబీ రంగు మూత్రం, మాటిమాటికీ పోయాలనిపించడం, పోసేటప్పుడు నడుములోకి నొప్పి ఎక్కడం ఉంటాయి. భయపడాల్సినవి వేరు: గడ్డలు గడ్డలుగా రక్తం, మూత్రం బంద్ కావడం, చలితో వణికించే జ్వరం, 100.4 డిగ్రీల పైన వేడి. వీటికి తెల్లారేదాకా ఆగొద్దు, ఊళ్లో ఇంజెక్షన్ వేయించి చూద్దామనీ అనుకోవద్దు.

రాయి పూర్తిగా పోయిందన్న మాటను ఆపరేషన్ బల్ల దగ్గర తీసిన సి-ఆర్మ్ బొమ్మతో ఒప్పుకోవద్దు. వంకర గదుల్లో చిన్న ముక్కలు ఆ తెర మీద కనబడవు. పాత కోత రోగులకు నెల నుంచి మూడు నెలల లోపు తక్కువ రేడియేషన్ సీటీ తీయించడమే సరైన లెక్క. ఇన్‌ఫెక్షన్ రాయి అయితే చిన్న ముక్క కూడా విత్తనమే, మళ్లీ పెరుగుతుంది. తీసిన రాయిని సీసాలో పెట్టి చేతికిచ్చి పంపడం చాలాచోట్ల ఉంది. ఇంట్లో దాచుకోవడానికి కాదు, అది ల్యాబుకు పోవాలి. రాయి ఏ రకమో తేలితేనే మళ్లీ రాకుండా ఏం చేయాలో తెలుస్తుంది. యూరిక్ యాసిడ్ రాయికి మందుతో పని జరుగుతుంది, కాల్షియం ఆక్సలేట్ రాయికి వేరే దారి. పాలు, పెరుగు మానేయమని చెప్పే సలహా మాత్రం తప్పు. తిండిలో కాల్షియం తగ్గితే పేగులోంచి ఆక్సలేట్ ఎక్కువ లోపలికి పోతుంది. తగ్గించాల్సింది ఉప్పు. రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం పోసేంత నీరు తాగాలి. వేసవిలో చేలో పని చేసేవాళ్లకు ఆ తాగే నీరు నాలుగు లీటర్లు దాటుతుంది.

డీజే స్టెంటు విషయంలో ఈ సేవ మొత్తంలో పెద్ద లోపం ఉంది. మామూలుగా రెండు నుంచి నాలుగు వారాల్లో తీయాలి, మూడు నెలలు దాటకూడదు. పాలమూరు నుంచి ముంబై, పుణె పనులకు పోయేవాళ్లు నొప్పి తగ్గగానే బస్సెక్కుతారు, స్టెంటు లోపలే ఉండిపోతుంది. ఏడాది తర్వాత దాని చుట్టూ సున్నం కట్టి, పై కొసకు ఒక రాయి, మూత్రసంచిలోని కొసకు ఇంకో రాయి పట్టి ఉంటాయి. లాగితే తెగుతుంది. మళ్లీ అదే అతుక్కున్న కిడ్నీలోకి పొక్క, ఈసారి మొదటిదానికంటే కష్టం. రోగిది మరుపు అని తప్పు నెట్టేయడం కంటే, స్టెంటు పెట్టిన ప్రతి పేరూ ఒక పుస్తకంలో రాసి, గడువు రోజున ఫోన్ చేసే ఆసుపత్రినే మేము ఎక్కువ మెచ్చుకుంటాం. ఆ పుస్తకం ఉందో లేదో కౌంటర్ దగ్గర అడిగితే తెలిసిపోతుంది. రోగి ఫోన్ నంబరు ఒక్కటే ఇస్తే చాలదు. ఊళ్లో ఉండే మనిషి నంబరు కూడా రాయించాలి.

డిశ్చార్జి కాగితంలో "పీసీఎన్‌ఎల్ చేయబడింది" అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టనివ్వకండి. ఏ గదిలోంచి దారి చేశారు, పక్కటెముక పైనుంచా కిందనుంచా, ఎన్ని పొక్కలు, ఎన్ని ఫ్రెంచ్ షీతు, మచ్చ ఎక్కడ గట్టిగా తగిలింది, ఏ గదిలో ముక్క మిగిలింది, స్టెంటు ఎప్పుడు పెట్టారు, ఏ తేదీలోపు తీయాలి, ఇవన్నీ అందులో ఉండాలి. పాత కోతతో వచ్చినవాళ్లలో చాలామంది దగ్గర అప్పటి ఆపరేషన్ కాగితం లేదు. కిడ్నీ కండను కోశారా, పెల్విస్‌ను కోశారా అన్నది కూడా ఊహించుకోవాల్సి వస్తోంది. సీటీ సీడీతో పాటు ఈ కాగితాన్ని రేషన్ కార్డు ఉన్న కవర్లోనే పెట్టుకోండి, ఫోన్లో ఫోటో కూడా తీసి ఉంచండి.